ఏపీఏఆర్, బదిలీ, డీపీసీ: వివక్షపై ఫిర్యాదు రాసే ముందు జాగ్రత్తలు

ఏపీఏఆర్‌లు (ఏటా పనితీరుపై పైఅధికారులు రాసే నివేదికలు) చేతికొచ్చే రోజులు, బదిలీల రోజులు, ఆ వెనకే డీపీసీలు (ప్రమోషన్లు తేల్చే శాఖా కమిటీలు). కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో వివక్ష ఫిర్యాదులు చాలావరకు ఈ మూడింటి దగ్గరే మొదలవుతాయి. కులాన్ని బట్టి గ్రేడింగ్ తగ్గించారని, వైకల్యం ఉందని తెలిసీ దూరం వేశారని, ప్రసూతి సెలవు వాడుకున్నందుకు ప్రమోషన్ ఆపారని. జరిగింది అన్యాయమే అయినా, తప్పు చోట వేయడం వల్లో గడువు దాటడం వల్లో ఆ అన్యాయం జోలికే వెళ్లకుండా కేసు కొట్టేస్తే మనిషి తట్టుకోవడం కష్టం. అందుకే కోపం తాజాగా ఉన్నప్పుడే కొన్ని పనులు చేసి పెట్టుకోవాలి.

అన్నిటికంటే ముందు, మీ కేసు క్యాట్‌కు (కేంద్ర ఉద్యోగుల సర్వీసు వివాదాలు వినే కేంద్ర అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్‌కు) వెళ్లేదేనా అని చూసుకోండి. 1985 నాటి అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్స్ చట్టం కింద క్యాట్ పరిధిలోకి రైల్వే, తపాలా, ఆదాయపు పన్ను వంటి శాఖల ఉద్యోగులు, రక్షణ శాఖలోని సివిలియన్ సిబ్బంది వస్తారు. సైనికులు, కోర్టుల సిబ్బంది, పార్లమెంటు సచివాలయ సిబ్బంది రారు. ప్రభుత్వ రంగ సంస్థలు, స్వయంప్రతిపత్తి సంస్థల విషయంలోనే ఎక్కువ మంది పొరబడతారు. కేంద్రానిదే కదా అని ఓఏ (ఒరిజినల్ అప్లికేషన్, అంటే క్యాట్‌లో వేసే దరఖాస్తు) వేసేస్తారు. సంస్థను సెక్షన్ 14 కింద నోటిఫై చేస్తేనే క్యాట్‌కు అధికారం. కేంద్రీయ విద్యాలయ సంఘటన్‌ను నోటిఫై చేశారు. జాతీయం చేసిన బ్యాంకులను చేయలేదు కాబట్టి బ్యాంకు ఉద్యోగి హైకోర్టునో, కార్మిక చట్టం కింద ఉన్న దారినో చూసుకోవాలి. రాష్ట్ర ఉద్యోగులకు ఒకప్పుడు ఏపీఏటీ (ఆంధ్రప్రదేశ్ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్) ఉండేది. ఇప్పుడది లేదు, తెలంగాణ వారైనా ఆంధ్రప్రదేశ్ వారైనా తమ హైకోర్టుకే వెళ్లాలి.

ఏ బెంచ్ అన్నదీ ముఖ్యమే. ప్రస్తుతం పనిచేస్తున్న చోటు, లేదా వివాదం పుట్టిన చోటు ఏ బెంచ్ కిందకు వస్తే అక్కడ వేయాలి. హైదరాబాద్‌లో పనిచేస్తూ నాగ్‌పూర్‌కు బదిలీ అయితే, కొత్త చోట చేరకముందే వకీలుతో ఈ మాట తేల్చుకోండి. రిటైరైనవారు తాము నివసించే చోటి బెంచ్‌లో వేసుకోవచ్చు.

ఇక గడువు. నా ఉద్దేశంలో అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. శాఖలో ఉన్న అప్పీలు, రిప్రజెంటేషన్ (రాతపూర్వక విన్నపం) దారులు వాడుకోకుండా క్యాట్‌కు వెళ్తే సాధారణంగా కేసు తీసుకోరు. వాడుకున్నాక తుది ఉత్తర్వు వస్తే, ఆ రోజు నుంచి ఏడాదిలోగా వేయాలి. జవాబే రాకపోతే ఆరు నెలలు ఆగి, ఆ తర్వాత ఏడాదిలోగా వేయాలి. ఉదాహరణకు 2025 జూన్ 10న అప్పీలు ఇచ్చారు, ఉలుకూ పలుకూ లేదు. డిసెంబర్ 10తో ఆరు నెలలు నిండుతాయి. 2026 డిసెంబర్ 10 దాటకూడదు. ఈ మధ్యలో "పైసారుకు ఇంకో లెటర్ పెట్టి చూడండి" అని ఆఫీసులో మంచి మనసుతోనే చెప్తారు. పెట్టండి, కానీ గడువు దానికోసం ఆగదు. మళ్లీమళ్లీ రిప్రజెంటేషన్లు ఇచ్చినంత మాత్రాన గడువు పెరగదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. పాతబడిన విషయంపై ఆఫీసు ఇప్పుడు జవాబిచ్చినా కొత్త గడువు పుట్టదని 2008లో చెప్పింది. సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది గానీ, ఆ ధీమాతో కూర్చోవద్దు. జీతం తప్పుగా నిర్ణయించినప్పుడు మాత్రం ప్రతి నెలా నష్టం కొనసాగుతుంది కాబట్టి ఆలస్యమైనా వినవచ్చు. అప్పుడు కూడా బకాయిలు మామూలుగా మూడేళ్లకే పరిమితం.

ఏపీఏఆర్‌కు ఇంకా చిన్న గడువు: పూర్తి నివేదిక చేతికి వచ్చాక 15 రోజులు. తీసుకున్న తేదీ వేసి సంతకం పెట్టండి, కాపీ ఉంచుకోండి. రిప్రజెంటేషన్ త్రూ ప్రాపర్ ఛానల్ (మీ పైఅధికారి ద్వారా) ఇస్తూనే, మీ కాపీ మీద ఇన్‌వర్డ్ స్టాంపు, డైరీ నంబర్, తేదీ వేయించుకోండి. స్టాంపు వేయనంటే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

రాసేటప్పుడు "నా మీద కక్ష" అని ఆగిపోవద్దు. "ఇదే సీటులో ఉన్న ముగ్గురిలో నన్నొక్కడినే మార్చారు, మిగతా ఇద్దరు నాకంటే ఎక్కువ కాలంగా ఇక్కడే ఉన్నారు" అని రాస్తే అది పరిశీలించదగ్గ విషయం అవుతుంది. ఫలానా అధికారి దురుద్దేశంతో చేశారంటే ఓఏలో ఆయన్ను పేరుతో ప్రతివాదిగా చేర్చాలి. ప్రమోషన్ రద్దు కోరితే, దానివల్ల నష్టపోయే సహోద్యోగుల్ని కూడా చేర్చాలి. మొహమాటపడి వదిలేస్తే కేసుకు ప్రమాదం. బదిలీ, ఏపీఏఆర్, ఇంక్రిమెంట్ అన్నీ ఒకే ఓఏలో కుక్కకండి. ఒక ఓఏకు ఒకే వివాద కారణం ఉండాలన్నది నిబంధన.

కొన్ని గాయాలకు క్యాట్ సరైన చోటు కానే కాదు. ఎస్సీ, ఎస్టీ ఉద్యోగిని నలుగురి ఎదుట కులం పేరుతో దూషిస్తే అది నేరం, దానికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పోలీసుల దగ్గరికి వెళ్లాలి. లైంగిక వేధింపులైతే చివరి ఘటన నుంచి మూడు నెలల్లోగా అంతర్గత కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వాలి. కారణాలు రాసి కమిటీ మరో మూడు నెలలు పెంచవచ్చు. వైకల్యం కారణంగా వివక్ష అయితే, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం మీ ఆఫీసులోని గ్రీవెన్స్ అధికారి ఫిర్యాదు నమోదైన రెండు వారాల్లో విచారించాలి. అలాంటి అధికారి ఎవరో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి.

జాతీయ ఎస్సీ కమిషన్‌కు రాయడం మీ హక్కు, ఒత్తిడి తేవడానికి పనికొస్తుంది కూడా. కానీ సాక్షుల్ని పిలిచే, పత్రాలు తెప్పించే దాని అధికారం విచారణ వరకే. స్టే ఇవ్వడం కమిషన్ చేతిలో లేదని 1996లో ఒక బ్యాంకు ఉద్యోగుల సంఘం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కమిషన్‌లో ఫైల్ నడుస్తోందని క్యాట్ గడువు వదులుకోకండి. రెండూ పక్కపక్కనే నడపండి.

ఓఏ రుసుము 50 రూపాయలే. ఖర్చంతా వకీలు ఫీజుది, అది ముందే మాట్లాడుకోండి. క్యాట్‌లో ఓడితే 1997 నుంచి హైకోర్టు డివిజన్ బెంచ్‌కు వెళ్లే దారి ఉంది. అందుకోసం ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీకి తీర్పు వచ్చిన వారంలోనే దరఖాస్తు చేసుకోండి.