లేయర్ దాణాలో శక్తి లెక్క – 4వ పాఠం: తేమ దగ్గర తప్పకండి

కోడి తిన్న దాణా, వేసిన రెట్ట ఇచ్చి, కిలో దాణాలో ఎం.ఈ. (మెటబాలిజబుల్ ఎనర్జీ, అంటే రెట్టలో పోయింది పోగా కోడికి అందే శక్తి) ఎంత అని పోయిన పాఠం చివర అడిగాను. ఎక్కువమంది 3062 అని జవాబు రాశారు. కిలోకి 3062 కిలో క్యాలరీల ఎం.ఈ.! పదో వంతు గ్రిట్ (గుడ్డు పెంకు కోసం వేసే సున్నపురాయి, గవ్వల రవ్వ) కలిసిన లేయర్ దాణాలో, అంటే గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో, అంత శక్తి రాదు. మొక్కజొన్న ఒక్కదాన్నే తీసుకున్నా 3300 చిల్లర, సోయా చెక్కలో అంతకన్నా చాలా తక్కువ, గ్రిట్‌లో సున్నా. జవాబు చూడగానే అనుమానం రావాలి. ముందు దీని సంగతి తేల్చుకుందాం.

లెక్క మళ్లీ చూడండి. మూడు రోజుల్లో ఒక కోడి తిన్న దాణా 330 గ్రాములు, అందులో తేమ 10 శాతం. ల్యాబ్ రిపోర్టులో దాణా స్థూల శక్తి (పూర్తిగా కాల్చితే వచ్చే మొత్తం శక్తి) గ్రాముకు 3.95 కిలో క్యాలరీలు, పక్కనే చిన్న అక్షరాల్లో ‘పొడి పదార్థం మీద’ అని ఉంది. పూర్తిగా ఆరబెట్టిన రెట్ట 93 గ్రాములు, దాని శక్తి గ్రాముకు 3.15.

మీరు 330ని 3.95తో గుణించారు. ఆ 330లో 33 గ్రాములు నీళ్లే. నీళ్లకు కూడా శక్తి కట్టేశారు! పొడి పదార్థం 297 గ్రాములు. 297ని 3.95తో గుణిస్తే 1173. రెట్టలో పోయింది 293. మిగిలిన 880ని 330తో భాగిస్తే కిలోకి 2667. అదే 880ని 297తో భాగిస్తే 2964 వస్తుంది. రెండూ సరైనవే. కానీ మొదటిది బస్తాలో ఉన్న దాణాకు, రెండోది తేమ లేని దాణాకు. ఫార్ములా రాసేది బస్తాకే కాబట్టి నేను ఎప్పుడూ 2667నే వాడతాను.

ఈ తప్పు నన్ను ఇంత బాధపెట్టడానికి కారణం ఉంది. కాగితం మీద తప్పితే దిద్దుకోవచ్చు, మిక్సర్‌లో తప్పితే కోడి మీద పడుతుంది. పట్టికలో మొక్కజొన్నకు 3350 అని ఉంటే అది 12 శాతం తేమ ఉన్న గింజకు అనుకోండి. కోత కాగానే వచ్చిన లోడులో తేమ 17 ఉంటే? 3350ని 83తో గుణించి 88తో భాగించండి: 3160. కిలోకి 190 తగ్గింది. దాణాలో మొక్కజొన్న 55 శాతమైతే ప్రతి కిలో దాణాలో 105 లోటు. 2600 అనుకున్నది 2495 అవుతుంది. కోడి చాలావరకు శక్తి సరిపడేదాకా తింటుంది కాబట్టి 110 గ్రాములు తినేది 114 దాటుతుంది. పదివేల కోళ్ల షెడ్డులో రోజుకు దాదాపు 45 కిలోలు అదనం. ‘కోళ్లు ఊరికే తినేస్తున్నాయి’ అని మందులు మార్చే ముందు తేమ మీటర్ పెట్టి చూడండి. నూకలకూ, తవుడుకూ ఇదే సూత్రం.

గుడ్డులోకి వెళ్లిన శక్తిని కూడా తీసెయ్యాలా అని కొందరు అడిగారు. వద్దు. ఎం.ఈ. అంటే కోడికి అందిన శక్తి, గుడ్డు పెట్టేది అందులోంచే.

నత్రజని సవరణ మాత్రం చెయ్యాలి. అంటే, నిలిచిన ప్రోటీన్ ఎప్పుడో కరిగి యూరిక్ ఆమ్లంగా రెట్టలో పోతే దాంతో పోయే శక్తిని ముందే తీసెయ్యడం. బస్తాలో ఉన్న దాణాలో ప్రోటీన్ 17 శాతమైతే, దాన్ని 6.25తో భాగిస్తే నత్రజని 2.72 శాతం. 330 గ్రాములకు 8.98 గ్రాములు. ఎండు రెట్టలో 6 శాతం ఉంటే 5.58. ఒంట్లో, గుడ్లలో నిలిచింది 3.4 గ్రాములు. గ్రాముకు 8.22 చొప్పున 28 కిలో క్యాలరీలు తీసేస్తే 852, అంటే కిలోకి 2583. గుడ్డులోకి వెళ్లిన నత్రజని మళ్లీ యూరిక్ ఆమ్లంగా బయటకు రాదు కదా, అందుకే పెట్టే కోడికి ఈ కోత కాస్త అన్యాయమని నా అభిప్రాయం. అయినా పట్టికల్లో విలువలు ఎక్కువగా సవరించినవే కాబట్టి పోల్చడానికి 2583, షెడ్డు లెక్కకు 2667 రెండూ రాసి పెట్టుకోండి.

స్థూల శక్తిని కొలిచే బాంబ్ క్యాలరీమీటర్ నడపడం ల్యాబ్ పని, అది వదిలేస్తున్నాను. కేజు కింద రెట్ట పడే ట్రే మాత్రం మీ పని. రెట్ట మీద అంటిన ఈకలు, పొలుసులు ఏరండి. ముక్కుతో చిమ్మిన దాణా రవ్వ ఏరి, తూచి, తిన్నదాంట్లోంచి తీసెయ్యండి. తొట్టి అడుగున మిగిలేది మెత్తటి పొడి. కోడి పెద్ద రవ్వ ఏరుకుని తింటుంది కాబట్టి ఆ పొడి మీరు పోసిన దాణా లాంటిది కాదు, దాన్ని విడిగా పరీక్షకు పంపాలి. రెట్టను ఏరోజుది ఆరోజే 60 డిగ్రీల్లో ఆరబెట్టండి. తడిగా వదిలేస్తే పులిసి అమ్మోనియాగా నత్రజని పోతుంది. ఆ ఎండిన దాంట్లోనూ కొంచెం తేమ ఉంటుంది. కొద్దిగా తీసి 105 డిగ్రీల్లో బరువు మారనంతవరకు ఆరబెట్టి ఆ తేమా తీసెయ్యండి.

అభ్యాసం: ఒకే వయసు ఉండి, గుడ్లు ఒకేలా పెడుతున్న ఆరు కోళ్లను వేరు వేరు కేజుల్లో పెట్టండి. ఎండిన మొక్కజొన్నతో కలిపిన దాణా నాలుగు రోజులు అలవాటు చేసి, మూడు రోజుల రెట్ట సేకరించండి. తర్వాత అదే ఫార్ములాను తేమ మొక్కజొన్నతో కలిపి మళ్లీ అంతా చెయ్యండి. ఒక్కో కోడికీ విడివిడిగా లెక్క కట్టండి, సగటు ఒక్కటే పంపొద్దు. ల్యాబ్ రిపోర్టులో విలువ పొడి పదార్థం మీదా, ఉన్నది ఉన్నట్టా అని ఫోన్ చేసి కనుక్కోండి. ఆ మాట రాయని జవాబు దిద్దను.