అచ్చుకి ముందే ఆర్డర్లు: గోదావరి జిల్లాల నుంచి మొదటి పుస్తకం వేసుకునేవాళ్ళకి

మొదటి పుస్తకం సొంతంగా వేసుకునేవాళ్ళలో చాలామంది ముందు ఐదొందలో వెయ్యో కాపీలు అచ్చు వేయించేసి, అట్టపెట్టెలు మంచం కిందకి చేరాక, అప్పుడు ఫేస్‌బుక్ తెరిచి "నా పుస్తకం వచ్చింది, కొనండి" అని పోస్టు పెడతారు. శుభాకాంక్షలు బోలెడు వస్తాయి, ఆర్డర్లు పదిహేను దాటవు. వరస తిరగేయాలండి. పుస్తకం గురించి నలుగురికీ ముందు తెలియాలి, పేర్లూ అడ్రసులూ ముందు చేతికి రావాలి, ఎన్ని కాపీలు వేయాలో ఆ లిస్టు చెప్పాలి. నేను ఇక్కడ రాసేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

సొంతంగా అచ్చు వేసుకోవడం చిన్నతనం అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 1874లో 'వివేకవర్ధని' పత్రిక మొదలుపెట్టి, తర్వాత సొంత ప్రెస్సే పెట్టుకున్నారు. మన వైపు ఇది కొత్త సంగతి కాదు, నామోషీ అసలే కాదు.

ముందు క్యాలెండర్ చూసుకోండి. మనకి సంక్రాంతిని మించిన సీజన్ లేదు. హైదరాబాద్, బెంగళూరు, గల్ఫ్, అమెరికాల్లో ఉన్నవాళ్ళంతా భోగికి ముందే ఊళ్ళోకి దిగుతారు, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళొచ్చి ఇంకో రెండు రోజులుండి కదులుతారు. హైదరాబాద్ పుస్తక ప్రదర్శన మామూలుగా డిసెంబర్‌లో, విజయవాడ పుస్తక మహోత్సవం జనవరి మొదట్లో జరుగుతాయి. అంటే డిసెంబర్ మొదటి వారానికి పుస్తకం చేతిలో ఉంటే ఈ మూడూ అందుతాయి. అక్కణ్ణుంచి వెనక్కి లెక్కేసుకోండి: నవంబర్ మధ్యలో ప్రెస్సుకి, అక్టోబర్‌లో ఆర్డర్లూ ప్రూఫులూ, ఆగస్టుకల్లా రాతప్రతి ఖరారు. అక్టోబర్, నవంబర్ నెలలు మనకి తుపాన్ల కాలం కూడా, కరెంటు పోతుంది, లారీలు ఆగిపోతాయి, అందుకని చేతిలో ఒక పది రోజులు మిగుల్చుకోండి.

ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబర్) గురించి చాలామంది అనవసరంగా టెన్షన్ పడతారు, డబ్బులు కూడా పోసుకుంటారు. మన దేశంలో అది ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఇస్తుంది, ఆన్‌లైన్‌లో రచయితే ప్రచురణకర్తగా నమోదు చేసుకుని అప్లై చేయొచ్చు, మధ్యలో ఎవరికీ రూపాయి ఇవ్వక్కర్లేదు. చేతికి రావడానికి వారాలు పట్టొచ్చు కాబట్టి ప్రెస్సుకి వెళ్ళే ముందు రోజు కాకుండా సెప్టెంబర్‌లోనే పెట్టేయండి. ఈ-బుక్ కూడా తెస్తుంటే దానికి వేరే నంబర్ కావాలి. కాపీరైట్ అయితే మీరు రాసిన క్షణం నుంచే మీది, 1957 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

"మేమే అన్నీ చూసుకుంటాం, ప్యాకేజీ ఇంత" అని ఫోన్లు చేసేవాళ్ళుంటారు. అందరూ మోసగాళ్ళని అనను. కానీ హక్కులు ఎవరి పేరు మీద ఉంటాయి, డిజైన్ ఫైళ్ళు నాకిస్తారా, ప్యాకేజీలో నాకొచ్చే కాపీలెన్ని, రాయల్టీ పుస్తకం ధర మీదా లేక ఖర్చులు పోను మిగిలినదాని మీదా అని వాట్సాప్‌లో అడగండి. రాతపూర్వకంగా జవాబు రాకపోతే అక్కడితో వదిలేయండి.

ఇక ఫాంటు సంగతి, తెలుగు పుస్తకానికి అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. మీరు ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో టైప్ చేసేది యూనికోడ్, అంటే ఏ ఫోన్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాలు. చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతో పని నడుస్తోంది, మీ ఫైలుని కన్వర్టర్‌లో వేసి అందులోకి మార్చుకుంటారు. ఆ మార్పిడిలో ఒత్తులు చెదిరిపోతాయి. ప్రూఫు రాగానే కథ చదవడం మొదలుపెట్టకుండా స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం, ఈర్ష్య, సంస్కృతి లాంటి మాటలు ఎక్కడున్నాయో వెతికి అవి చూడండి. ఆ తర్వాత ఇంగ్లీషు మాటలు చూడండి, "సాఫ్ట్‌వేర్" అన్నది "సాఫ్ట్వేర్" అయిపోయి కూర్చుంటుంది, "ఫేస్‌బుక్"కీ అదే గతి. ఇన్‌డిజైన్‌లో (పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్) యూనికోడ్‌తోనే చేసేవాళ్ళు దొరికితే వాళ్ళకే ఇవ్వండి, అందులో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే ఒత్తులు సరిగా కూర్చుంటాయి. మండలి, రామరాజా లాంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి, లోపలి పేజీలకి మండలి కంటికి హాయిగా ఉంటుందని నా అభిప్రాయం. ప్రూఫు తెర మీద చదవొద్దు, ప్రింటు తీయించి, ఎర్ర పెన్ను పట్టుకుని, పెద్దగా పైకి చదవండి. ఒకసారి మీరు, ఒకసారి తెలుగు బాగా తెలిసిన ఇంకెవరైనా. మీ ఊళ్ళో రిటైరైన తెలుగు మాస్టారు ఉంటే వెళ్ళి అడగండి, సంతోషంగా చూసిపెడతారు, కాకపోతే వట్టి చేతులతో వెళ్ళొద్దు.

సైజు డెమీ (మామూలు కథల పుస్తకం సైజు), లోపల 70 జీఎస్‌ఎం నేచురల్ షేడ్ కాగితం, పైన 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు, మ్యాట్ లామినేషన్. జీఎస్‌ఎం అంటే కాగితం బరువు, అంకె పెరిగితే కాగితం మందం. మొదటి పుస్తకానికి ఇంతకన్నా ఆలోచించక్కర్లేదు. పేజీలు పదహారు చొప్పున ఫారాల్లో అచ్చవుతాయి కాబట్టి 160, 176 ఇలా వచ్చేట్టు చూసుకుంటే వెనక ఖాళీ కాగితాలు మిగలవు.

ఇప్పుడు లెక్క. 160 పేజీల పుస్తకం కాపీకి 90 రూపాయలు పడిందనుకుందాం, ధర 200 పెట్టారనుకుందాం. షాపుకి ఇస్తే నలభై శాతం కమిషన్ అడగడం మామూలే, మీ చేతికొచ్చేది 120, మిగిలేది 30, ఆ డబ్బు రావడానికీ నెలలు పడుతుంది. అదే పాఠకుడికి నేరుగా పంపి, పోస్టు ఖర్చు మీరే ఓ 30 పెట్టుకున్నా 80 మిగులుతుంది. అందుకే మొదటి రెండొందల కాపీలూ మీ ఫోన్ నుంచే అమ్ముడవ్వాలంటాను. "ఇంకో మూడొందలు కలిపేసుకోండి, కాపీకి రేటు తగ్గుద్దండి" అంటారు ప్రెస్సులో, అది నిజమే, ఆఫ్‌సెట్‌లో (ప్లేట్లు చేసి వేసే అచ్చు) ప్లేట్ల ఖర్చు ఎన్ని కాపీలకి పంచితే అంత తగ్గుతుంది. కానీ తగ్గేది కాపీ రేటు, మీ జేబులోంచి పోయే మొత్తం పెరుగుతుంది. వంద, రెండొందల కాపీలు డిజిటల్ ప్రింటింగ్‌లో వేయించండి, ఐదొందలు దాటే నమ్మకం కుదిరితేనే ఆఫ్‌సెట్‌కి వెళ్ళండి. చేతిలో ఉన్న ఆర్డర్లకి వాటిలో సగం కలిపి వేయిస్తే సరిపోతుంది.

ఆ ఆర్డర్లు ఎలా వస్తాయంటే, ఆగస్టు నుంచే పుస్తకంలోంచి ముక్కలు పెడుతూ ఉండాలి. వారానికి రెండు పోస్టులు చాలు. ఒకటి పుస్తకంలోంచి తీసిన ఎనిమిది పది లైన్లు, కథ ముడి దగ్గర ఆపేయాలి. రెండోది ఆ కథ పుట్టిన చోటు: నర్సాపురం రేవులో పంటు కదిలే ముందు బైకులు ఎక్కించే హడావుడి, వరదొచ్చి తగ్గాక లంకలో గోడల మీద మిగిలిన మట్టి గీత, లాకుల దగ్గర చేపలు అమ్మేవాళ్ళు. ఫోటో మీరే తీయండి. నెట్‌లోంచి దించిన సూర్యాస్తమయం ఎవరూ ఆగి చూడరు, తమ ఊరి రేవు కనిపిస్తే మస్కట్‌లో ఉన్నవాడు కూడా ఆగుతాడు, "ఇది మా సఖినేటిపల్లి వైపు కదండీ" అని కామెంట్ పెడతాడు. ఆ కామెంట్‌కి జవాబివ్వండి, ఏ ఊరు, ఎవరి తాలూకు అని మాట కలపండి. మీ పుస్తకం కొనేది ఆయనే.

రీల్ చేస్తుంటే అర పేజీ మించి చదవొద్దు, ఒక నిమిషం దగ్గర ఆపేయండి. ఏటిగట్టు మీద సాయంత్రం కూర్చుని చదివితే చూడ్డానికి బాగుంటుంది కానీ గాలికి మాట ఒక్కటీ వినపడదు, కాలర్ మైకు పెట్టుకోండి, లేదంటే దృశ్యం గట్టు మీద తీసి గొంతు ఇంట్లో తలుపులేసుకుని రికార్డు చేసి కలపండి. తెలుగు అక్షరాలు పెద్దగా వేయండి, చాలామంది సౌండ్ లేకుండానే చూస్తారు. యాస దాచుకోవద్దు. మన "అండి"తో చదివితేనే ఆ కథకి ఊపిరి. ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు కింద పెట్టిన లింకు నొక్కినా తెరుచుకోదు, ఆర్డర్ లింకు బయోలో పెట్టాలి.

వాట్సాప్ మనకి అన్నిటికన్నా పెద్ద షాపు. పుస్తకానికి వేరే సిమ్ తీసుకుని వాట్సాప్ బిజినెస్ పెట్టండి, కేటలాగ్‌లో అట్ట బొమ్మ, ధర, పోస్టు ఖర్చు ఉంచండి. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందిదాకా పెట్టొచ్చు, అయితే మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకే ఆ మెసేజ్ చేరుతుంది, కాబట్టి మొదటి మాటలోనే "ఈ నంబర్ సేవ్ చేసుకోండి" అని అడగండి. టెన్త్ బ్యాచ్ గ్రూపు, ఊరి గ్రూపు, చుట్టాల గ్రూపు, వీటిల్లో అడ్మిన్‌గారిని అడిగి ఒక్కసారి పెట్టండి. రోజూ పెడితే మ్యూట్ చేస్తారు, అది మర్యాద కూడా కాదు. ఆర్డర్ ఇచ్చేవాళ్ళకి గూగుల్ ఫారం పంపి పేరు, పూర్తి అడ్రసు, పిన్‌కోడ్, ఫోన్ నంబర్ రాయించుకుని, యూపీఐలో డబ్బు తీసుకోండి. "వచ్చాక చూద్దాంలే" అన్న మాటని ఆర్డర్‌గా రాసుకోవద్దు. డబ్బొచ్చిందే లెక్క. విదేశాల్లో ఉన్నవాళ్ళకి పోస్టు ఖర్చు పుస్తకం ధరని దాటిపోతుంది. వాళ్ళమ్మగారింటికి, అత్తగారింటికి పంపిస్తానని చెప్పండి, సంక్రాంతికి వచ్చినప్పుడు తీసుకుంటారు, లేదంటే ఊరొచ్చి వెళ్ళేవాళ్ళ సామాన్లో సర్దేస్తారు.

యాడ్లకి డబ్బు ఎప్పుడు పెట్టాలంటే, దానంతటదే బాగా నడిచిన పోస్టు ఒకటి కనిపించినప్పుడు. నొక్కితే వాట్సాప్ తెరుచుకునే రకం యాడ్ ఎంచుకుని మూడొందల నుంచి ఐదొందల రూపాయలు పెట్టి చూడండి. లైకులు లెక్కపెట్టొద్దు, మెసేజ్‌లు ఎన్నొచ్చాయో చూడండి. పోస్టుకి వందమందిని ట్యాగ్ చేయడం మాత్రం వద్దు, మీ మీద ఉన్న ఇష్టం కూడా పోతుంది.

ముందుమాట కోసం పెద్ద పేర్ల వెంట నెలల తరబడి తిరగొద్దు. ఆ ఓపికతో మీ కథలు నిజంగా చదివే పదిహేను మందిని ఎంచుకుని, అచ్చుకి ముందే పీడీఎఫ్ పంపి, నచ్చినదీ నచ్చనిదీ సొంత మాటల్లో రాయమనండి. "అద్భుతం" అని రాసిన పోస్టు పుస్తకాన్ని అమ్మదు. "మూడో కథలో చెరువు వేలం దగ్గర నాకు మా నాన్న గుర్తొచ్చాడు" అని రాసిందే అమ్ముతుంది. ఉచిత కాపీలు వీళ్ళకే, ఇంకెవరికీ వద్దు. చుట్టాలకి ఊరికే ఇవ్వడం మొదలుపెడితే ఆపలేరు, ఊరికే వచ్చిన పుస్తకం షోకేసులో ఉండిపోతుంది. పెదనాన్నగారైనా సరే, నవ్వుతూ డబ్బు తీసుకుని కాళ్ళకి దండం పెట్టండి.

ఆవిష్కరణ సభ చేసుకోండి, ముచ్చట తీరాలి కదా. అయితే ఫంక్షన్ హాలు, శాలువాలు, భోజనాలు కలిపితే ఇంకో ఎడిషన్ ఖర్చవుతుంది. మీ ఊరి గ్రంథాలయంలోనో స్కూల్లోనో ముప్ఫై కుర్చీలు వేసుకుని, వేదిక మీద ఇద్దరే మాట్లాడి, మీరో కథ చదివి వినిపిస్తే చాలు. గుమ్మం పక్కన బల్ల వేసి, పుస్తకాలూ క్యూఆర్ కోడ్ కార్డూ పెట్టి, అక్కణ్ణుంచి లేవని మనిషిని ఒకర్ని కూర్చోబెట్టండి. ఆ మనిషి మీరు కాకూడదు, మీకు పలకరింపులకే సరిపోతుంది.

పంపడానికి తపాలా శాఖ 2025 మే 1న మొదలుపెట్టిన జ్ఞాన్ పోస్ట్ ఉంది. 300 గ్రాములదాకా 20 రూపాయలు, ఐదు కిలోలకి 100, పైన పన్ను. పార్శిల్ ఎక్కడుందో ట్రాక్ చేయొచ్చు. పుస్తకం మీద ప్రచురణకర్త పేరో ప్రెస్సు పేరో ఉండాలి, అది ఎలాగూ వేస్తారు. ఆ పేజీలోనే "ప్రతులకు" అన్నచోట ఇంటి అడ్రసుకి బదులు పుస్తకం సిమ్ నంబరూ, వాట్సాప్‌కి వెళ్ళే క్యూఆర్ కోడూ వేయించండి, పుస్తకం చేతులు మారినప్పుడల్లా కొత్త ఆర్డర్ దానంతటదే వస్తుంది. కవర్లో పెట్టే ముందు పుస్తకానికి పల్చటి ప్లాస్టిక్ చుట్టండి, మూలలకి అట్టముక్కలు పెట్టండి. మన వైపు గాలిలో తేమకి అట్ట చివర్లు వంకర తిరిగిపోతాయి, మిగిలిన కాపీలు కూడా నేల మీద కాకుండా బల్ల మీదో అటక మీదో ఉంచండి.

1954 చట్టం ప్రకారం పుస్తకం వచ్చిన 30 రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకీ, చెన్నై, ముంబై, ఢిల్లీల్లో నిర్ణయించిన గ్రంథాలయాలకీ ఒక్కో కాపీ మీ ఖర్చుతో పంపాలి. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి కూడా ఒకటి ఇచ్చిరండి, అది చట్టం కోసం కాదు. అమెజాన్‌లో పెట్టాలనుకుంటే, పుస్తకాలొక్కటే అమ్మేవాళ్ళకి జీఎస్టీ నంబర్ అక్కర్లేదు, పాన్ చాలు. అయితే ముందు వాట్సాప్ ఆర్డర్లు పూర్తిచేసి, ఆ తర్వాత అటు వెళ్ళండి.

కాపీలు ముప్ఫైకి దిగాయంటే రెండో ముద్రణ ఆలోచించాల్సిన సమయం. పాఠకులు చూపించిన అచ్చుతప్పులు ఒక నోటుబుక్కులో రాసుకుంటూ ఉంటే అప్పటికి దిద్దుబాట్ల లిస్టు సిద్ధంగా ఉంటుంది. అచ్చుతప్పులు మాత్రమే సరిచేసి మళ్ళీ వేస్తే పాత ఐఎస్‌బీఎన్ చెల్లుతుంది, కథలు కలిపినా తీసేసినా కొత్తది తీసుకోవాలి.