ట్యాంకు లోపల స్ప్రే పెయింటింగ్‌కి దిగే ముందు ఇవి చూసుకోండి

గల్ఫ్‌లో అయినా ఇక్కడి షెడ్డులో అయినా పెయింటింగ్ పనికెళ్ళే మనోళ్ళు చాలామంది ముక్కుకి కర్చీఫ్ కట్టుకుని గన్ పట్టేస్తారు, దయచేసి అలా చెయ్యొద్దు.

- ముందు గ్యాస్ మీటర్‌తో లోపల చెక్ చేయించండి, ఆక్సిజన్ 19.5 శాతం కంటే తక్కువుంటే దిగొద్దు. థిన్నర్ ఆవిరి గాలికంటే బరువు, అడుగున చేరుతుంది, అందుకే మూత దగ్గర ఒక్కచోటే చూస్తే సరిపోదు, కింద కూడా చూడాలి.

- టూ-ప్యాక్ పీయూ (పాలీయూరిథేన్) పెయింట్, అంటే రెండు డబ్బాలు కలిపి వేసేది అయితే, హార్డెనర్ (పెయింట్‌ని గట్టిపరిచేది) డబ్బా మీద ఐసోసయనేట్ అనే కెమికల్ పేరు ఉందేమో చదవండి. ఇది వాసనతో తెలిసేది కాదు, ఒకసారి అది ఒంటికి పడకుండా పోయిందంటే ఆ తర్వాత కొంచెం తగిలినా ఆయాసం వచ్చేస్తుంది, ఇంక ఆ పనే మానుకోవాల్సొస్తుంది. దీనికి బయటి నుంచి పైపుతో మంచి గాలి వచ్చే మాస్కు అడగండి, అడగడానికి మొహమాటం వద్దు. దుమ్ము మాస్కు ఆవిరిని ఆపదు. గడ్డం ఉంటే మొహానికి అతుక్కునే మాస్కు సరిగ్గా కూర్చోదు.

- ఎయిర్‌లెస్ గన్ (గాలి కలపకుండా పెయింట్‌ని బాగా ఎక్కువ ప్రెషర్‌తో కొట్టే గన్) నాజిల్ ముందు వేలు పెట్టొద్దు. చిన్న సూది గుచ్చినట్టే ఉంటుంది, రక్తం కూడా పెద్దగా రాదు, కానీ పెయింట్ లోపలికెళ్ళిపోయి వేలు తీసెయ్యాల్సి రావచ్చు. నొప్పి లేదని ఆగకుండా వెంటనే ఆస్పత్రికి పోవాలి, పెయింట్ గన్‌తో తగిలిందని డాక్టర్‌కి చెప్పాలి, పెయింట్ డబ్బా లేబుల్ ఫోటో కూడా చూపించాలి.

- ఫోన్, లైటర్ బయటే.

- మూత దగ్గర ఒక మనిషి కదలకుండా ఉండాలి, టీకి కూడా వెళ్ళకూడదు. లోపలోడు పడిపోతే తను దూకెయ్యకూడదు, రెస్క్యూ వాళ్ళని పిలవాలి.

- చేతులు థిన్నర్‌తో కడగొద్దు, సబ్బుతో కడుక్కున్నాకే అన్నం తినండి.