ప్రింటుదేగా అంటే గీసి చూపించండి

పెన్ కలంకారీ, అంటే అచ్చు వేయకుండా కలంతో చేత్తో గీసిన చీరలు, దుపట్టాలు స్టాల్‌లో అమ్మేవాళ్లకు ఒక చిట్కా. "ప్రింటుదైతే సగం ధరకే వస్తుంది కదండీ" అని ఎవరైనా అంటే వాదించకండి, గీసి చూపించండి.

కరక్కాయ పొడి కలిపిన పాలలో తడిపి ఆరబెట్టిన గుడ్డ జానెడు, ఏమీ పట్టించని తెల్ల గుడ్డ జానెడు పక్కపక్కన పెట్టుకోండి. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో ఊరబెట్టిన రంగులో వెదురు కలం ముంచి రెండింటి మీదా ఒక్కో గీత గీయండి. తెల్ల గుడ్డ మీద గీత వెలవెలబోతూ పక్కలకు పాకుతుంది. కరక్కాయ గుడ్డ మీద మాత్రం కళ్లముందే నల్లగా తేలుతుంది. ఇక పిల్లలు తామూ గీస్తామని పేచీ పెడతారు. గీయనివ్వండి, ఈలోపు వాళ్లమ్మ చీరలు తిరగేస్తుంది!

రంగు సీసా చిన్నదిగా, బిగుతు మూతతో ఉండాలి. అమ్మే బట్టలకు దూరంగా పెట్టండి, చుక్క పడితే ఆ మరక పోదు. గీసిన ముక్క వెనక మీ ఫోన్ నంబరు రాసి వాళ్లకే ఇచ్చేయండి. చీరను విడిగా చన్నీళ్లలో ఉతికి నీడన ఆరేయమని బిల్లు మీదే రాయండి. నోటితో చెప్తే ఇంటికెళ్లేసరికి మర్చిపోతారు.