చూసినప్పుడు శాంతంగా ఉన్న కుక్కపిల్ల ఇంటికొచ్చాక ఎందుకు మారిపోతుంది? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

విశాఖలో కుక్కపిల్లను తెచ్చుకున్న కొద్ది వారాలకే నాకు ఫోన్ చేసేవారి కష్టాలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. కరుస్తోందని ఒకరు, దాక్కుంటోందని ఒకరు, పిల్లల మీద గుర్రుమంటోందని ఇంకొకరు. శిక్షణ ఎలా ఇప్పించాలని అడుగుతారు. నేను ముందు అడిగేది మాత్రం ఒకటే: తల్లిని చూశారా? చాలామంది చూడలేదనే చెబుతారు. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్క పనినే వదిలేస్తున్నారు.

తిండి, టీకాలు, నులిపురుగుల మందు గురించి ఇక్కడ రాయడం లేదు. అవి మీకు తెలుసనే అనుకుంటున్నాను. స్వభావం చూసి ఎంచుకునేటప్పుడు ఎక్కడ పొరపాటు జరుగుతుందో, జరిగిపోతే ఇప్పుడేం చేయవచ్చో మాత్రమే రాస్తున్నాను.

ముందు తల్లిని చూడండి

కుక్కపిల్లల బేరాలు ఇప్పుడు ఎక్కువగా ఫోనులోనే తేలిపోతున్నాయి. ఫొటో వస్తుంది, వీడియో వస్తుంది, ధర కుదురుతుంది. ఎన్‌ఏడీ కూడలి దగ్గరో ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరో అట్టపెట్టెలో పిల్లను చేతికిస్తారు. అప్పటికి ఆ పిల్ల గురించి మీకు తెలిసింది దాని రంగు ఒక్కటే.

పిరికితనం తల్లి నుంచి రెండు దారుల్లో వస్తుంది. పుట్టుకతో కొంత వస్తుంది. తల్లి ఎవరిని చూసి బెదురుతుందో రోజూ గమనిస్తూ పిల్లలు నేర్చుకునేది కొంత. పిల్లలు పుట్టిన మొదటి మూడు నాలుగు వారాల్లో తల్లి కొత్తవారి మీద గుర్రుమంటే తప్పు పట్టనక్కరలేదు. పిల్లలకు ఏడెనిమిది వారాలు వచ్చేసరికి మాత్రం, యజమాని పక్కన ఉండగా, అది మీ దగ్గరకు వచ్చి వాసన చూసి తన దారిన తాను పోగలగాలి. మూలకు నక్కి వణికినా, గొలుసు తెంచుకునేలా మీదకు దూకినా ఆ కాన్పులోని పిల్ల ఎంత ముద్దొచ్చినా తీసుకోకండి. తల్లిని ఊరికి పంపేశామంటే ఇంకేమీ అడగకుండా తిరిగి వచ్చేయండి. తండ్రి కనబడకపోవడం మామూలే. జత కట్టించడానికి చాలామంది వేరే చోటి నుంచి తెస్తారు కాబట్టి దాని గురించి పట్టుబట్టనక్కరలేదు.

సమస్య: అక్కడ బుద్ధిగా కూర్చుంది, ఇంటికొచ్చాక మంచం కింద నుంచి రావడం లేదు, చేయి పెడితే గుర్రుమంటోంది

అన్నిటికంటే ఎక్కువగా మోసపుచ్చేది ఇదే. అనుభవం ఉన్నవాళ్ళు కూడా ఇక్కడ బోల్తా పడుతుంటారు. అందుకే వివరంగా చెబుతాను.

కాన్పులో ఆరేడు పిల్లలు గంతులేస్తుంటే ఒకటి పక్కన కదలకుండా కూర్చుంటుంది. ఎత్తుకుంటే గింజుకోదు, ఒడిలో పెట్టుకుంటే ఒదిగిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు ఉన్నవారు వెంటనే దాన్నే ఎంచుకుంటారు. కానీ కుక్కపిల్ల కదలకుండా ఉండటానికి నాలుగు కారణాలుంటాయి. నిజంగా నిదానమైన స్వభావం కావచ్చు. అప్పుడే తిని నిద్రమత్తులో ఉండవచ్చు. ఒంట్లో బాగోలేకపోవచ్చు. లేదా భయంతో బిగుసుకుపోయి ఉండవచ్చు. పైకి నాలుగూ ఒకేలా కనిపిస్తాయి.

నిద్రమత్తు సంగతి తేల్చడం తేలిక. ఈ వయసు పిల్లలు రోజులో పద్దెనిమిది గంటలకు పైనే నిద్రపోతాయి. ఎప్పుడు తిన్నాయో అడిగి, తినబోయే ముందు వెళ్ళండి. మన ఊరిలో వేళ కూడా చూసుకోవాలి. కుక్కలు ఒగర్చడం ద్వారానే ఎక్కువగా ఒళ్ళు చల్లబరచుకుంటాయి. విశాఖ ఉక్కపోతలో అది సరిగా పనిచేయదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పన్నెండింటికి వెళితే కాన్పంతా నేలకు కరుచుకుని పడుకునే ఉంటుంది. ఉదయం ఏడింటి లోపల వెళ్ళండి, లేదంటే పొద్దు వాలాక వెళ్ళండి.

జబ్బు సంగతికొస్తే చిగుళ్ళు చూడండి. గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్ల లోపే మళ్ళీ రంగు రావాలి. పాలిపోయి ఉంటే కడుపులో నులిపురుగులో, ఒంటి మీద పిడుదులో, రెండూనో ఉండవచ్చు. ఒళ్ళు 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి ఉన్నా, విరేచనాలవుతున్నా ఆ రోజు స్వభావం చూడటం మానేయండి. జబ్బుపడిన పిల్ల ఎలాంటిదో ఆ రోజు ఎవరూ చెప్పలేరు.

ఇక భయం. కుక్కపిల్ల భయపడితే పారిపోతుందనో అరుస్తుందనో అనుకుంటాం. పారిపోవడానికి చోటు లేనప్పుడు అది బిగుసుకుపోతుంది. ఆ బిగుసుకుపోవడాన్నే మనం శాంతం అనుకుని మురిసిపోతాం.

ఎంవీపీ కాలనీలో ఒక ఇంట్లో చూసిన లాబ్రడార్ ఆడపిల్ల సంగతి చెబుతాను. కొన్నచోట గంటసేపు ఒడిలోనే ఉందట, ఎవరు ముట్టుకున్నా కదలలేదట. ఇంటికొచ్చిన నాలుగో రోజుకు అది వాషింగ్ మెషిన్ వెనక గోడకు ఆనుకుని ఉంది. వంటింట్లో కుక్కర్ కూత వేసినప్పుడల్లా ఇంకా లోపలికి దూరుతోంది. ఆ ఇంటి పెద్దావిడ దాన్ని బయటికి తీద్దామని చేయి పెడితే పళ్ళు చూపించింది. తరవాత ఆరా తీస్తే తెలిసిందేమిటంటే, ఊరి చివర ఒక ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆ కాన్పు పెరిగింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తిండి పెట్టే మనిషి తప్ప ఎవరూ లోపలికి వెళ్ళరు. కుక్కర్ కూత, ఫ్యాను, పిల్లల అరుపులు, తుడిచిన గచ్చు... ఏదీ దానికి తెలియదు. మూడు వారాల వయసు నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల వరకూ పిల్ల ఏది చూసి, ఏది విని పెరుగుతుందో అదే దానికి మామూలు లోకం. ఆ కాలంలో సగాన్ని ఈ పిల్ల చీకటి షెడ్డులో గడిపేసింది. ఒడిలో కదలకుండా ఉన్నప్పుడే అది చెప్పవలసింది చెప్పేసింది, చూసినవారికి అర్థం కాలేదు.

తేడా ఎలా కనిపెట్టాలి? పిల్లను ఎత్తుకోకండి. అది ఇంతకుముందు చూడని చోట, తల్లికి కొంచెం దూరంగా నేల మీద దింపి, మీరు నాలుగైదు అడుగులు వెనక్కి వెళ్ళి కూర్చోండి. పిలవకండి. నిదానమైన పిల్ల ఒళ్ళు వదులుగా ఉంటుంది. కాసేపు చుట్టూ చూస్తుంది, నేల వాసన చూస్తుంది, ఒకటి రెండు నిమిషాల్లో ఎటో ఒకవైపు నడక మొదలుపెడుతుంది. భయపడిన పిల్ల కాళ్ళు నేలలో పాతినట్టు నిలబడుతుంది. బరువంతా వెనక కాళ్ళ మీద ఉంటుంది. తోక పొట్ట కిందకు పోతుంది, చెవులు వెనక్కి అతుక్కుంటాయి. ఆకలి లేకపోయినా పెదాలు నాకుతుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది. తల తిప్పకుండా కంటి చివరి నుంచి మిమ్మల్ని చూస్తుంటే తెల్లగుడ్డు కనబడుతుంది.

అప్పుడు ఉడికించిన కోడిమాంసం చిన్న ముక్క దాని ముందు వేయండి. తోబుట్టువుల మధ్య ఉన్నప్పుడు అదే ముక్క కోసం ఎగబడిన పిల్ల ఇక్కడ ముట్టుకోలేదంటే నిదానం వల్ల అనుకోకండి. గట్టిగా భయపడిన కుక్క తిండి ముట్టదు.

తరవాత పది అడుగుల దూరంలో ఒక స్టీలు చెంచా కింద పడేయండి. ఉలిక్కిపడటం తప్పేమీ కాదు, ఏ పిల్లయినా ఉలిక్కిపడుతుంది. చూడవలసింది ఎంతసేపటికి తేరుకుంటుందనేది. మంచి పిల్ల కొన్ని సెకన్లలో తల తిప్పి, చెంచా దగ్గరకు వెళ్ళి వాసన చూస్తుంది. కొంచెం మెత్తని పిల్ల వెనక్కి తగ్గి, అర నిమిషానికి మెల్లగా ముందుకు వస్తుంది. అదీ మంచిదే. అసలు చెవి కూడా కదపని పిల్లను చూసి ఎంత ధైర్యమో అనుకోకండి. అది బిగుసుకుపోయి ఉండవచ్చు, వినికిడి లేకపోవడమూ కావచ్చు. డాల్మేషన్‌లాంటి, ఒంటి మీద తెల్ల బొచ్చు ఎక్కువగా ఉన్న జాతుల్లో పుట్టు చెవుడు ఎక్కువగా కనబడుతుంది.

చివరగా దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, వేళ్ళు రొమ్ము కింద ఉంచండి. కొంచెం గింజుకుని తరవాత సర్దుకునే పిల్ల మనుషులతో సర్దుకుపోగలదు. ఏమాత్రం గింజుకోకుండా, చూపు ఒకేచోట నిలిపి, గుండె మాత్రం మీ వేళ్ళ కింద దడదడలాడుతుంటే అది ఒదిగిపోయిందని పొరబడకండి.

ఇదంతా ఒక్కరోజుతో ముగించకండి. మరో రోజు, మరో వేళకు మళ్ళీ వెళ్ళండి. రెండోసారి రానివ్వని అమ్మకందారు దగ్గర కొనకండి. పిల్లలు పెరుగుతున్న చోటు చూపించమని అడగండి. వంటింటి పక్కనో వరండాలోనో మనుషుల మధ్య పెరిగిన కాన్పుకే మొగ్గు చూపండి.

ఇప్పటికే తెచ్చేసుకున్నారా? మంచం కింద నుంచి లాగకండి. ముందు పశువైద్యుడికి చూపించి నొప్పి, జబ్బు లేవని తేల్చుకోండి. తరవాత ఒక్క గది ఇవ్వండి. తిండి చేతికి కొంచెం దూరంలో వేస్తూ, రోజురోజుకూ ఆ దూరం తగ్గించండి. కుక్కర్ కూతను ఫోనులో రికార్డు చేసి, వినీ వినబడనంత తక్కువలో పెట్టి, మోగినప్పుడల్లా రుచికరమైన ముక్క వేయండి. పిల్ల తినడం మానేసిందంటే శబ్దం ఎక్కువైనట్టే, వెంటనే తగ్గించండి. టీకాలు పూర్తయ్యేదాకా బయట నేల మీద దింపకూడదు కానీ, చేతుల్లో ఎత్తుకుని తెల్లవారే బీచ్ రోడ్డు చూపించవచ్చు. పన్నెండు, పద్నాలుగు వారాలు దాటక ముందే మొదలుపెడితే చాలా మారుతుంది. దాటాకా మారుతుంది కానీ నెలలు పడుతుంది. గుర్రుమన్నందుకు మాత్రం కొట్టకండి. కొడితే గుర్రుమనడం మానేసి నేరుగా కరవడం నేర్చుకుంటుంది.

మన ఊరికి సంబంధించి ఇంకో మాట. దీపావళి ముందు వారంలోనూ, తీరంలో నౌకాదళ విన్యాసాలు, వాటి రిహార్సళ్ళు జరిగే రోజుల్లోనూ కొత్త పిల్లను ఇంటికి తేకండి. ఎనిమిది నుంచి పది వారాల మధ్య పిల్లలకు భయం బాగా నాటుకుపోయే దశ ఉంటుంది. ఆర్కే బీచ్ మీదుగా యుద్ధవిమానం కిందుగా ఎగిరిన చప్పుడు పెద్ద కుక్కలకే కష్టం.

సమస్య: చేతులు, పాదాలు రక్తం వచ్చేలా కరుస్తోంది, ఆపడం లేదు

దీన్ని కోపిష్టి స్వభావం అనేస్తారు. ఎక్కువ సందర్భాల్లో అసలు కారణం ముప్పై, ముప్పై అయిదు రోజులకే తల్లి నుంచి విడదీయడం. ఎంత గట్టిగా కొరికితే అవతలివారికి నొప్పి పుడుతుందో పిల్లలు అయిదు నుంచి ఎనిమిది వారాల మధ్య తోబుట్టువుల దగ్గరే నేర్చుకుంటాయి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి. వయసు అబద్ధం చెబుతున్నారనిపిస్తే నోరు తెరిచి చూడండి. పాలపళ్ళు 28. ఆరు నుంచి ఎనిమిది వారాలకు సాధారణంగా అన్నీ వస్తాయి. ముందు పళ్ళు మాత్రమే ఉండి పక్క పళ్ళు ఇంకా రాకపోతే అది రెండు నెలల పిల్ల కాదు.

తెచ్చేసుకుని ఉంటే, పళ్ళు గట్టిగా దిగిన మరుక్షణం ఆట ఆపి, చేతులు కట్టుకుని నిలబడండి. అరవనక్కరలేదు. టీకాలు వేయించిన, ఓర్పున్న పెద్ద కుక్క తెలిసినవారింట్లో ఉంటే వారానికి రెండు మూడుసార్లు కలపండి. మనకంటే అది బాగా నేర్పుతుంది.

సమస్య: క్షణం కుదురుగా ఉండదు, ఇల్లంతా పీకి పెడుతోంది

అన్నిటికంటే ముందు పరుగెత్తుకొచ్చిన పిల్లను, అదే మనల్ని ఎంచుకుందని తెచ్చుకుని ఉంటారు. అది ప్రతి మనిషి దగ్గరకూ అలాగే పరుగెత్తుతుంది. చురుకైన పిల్ల, అంతే. రోజూ రెండు పూటలా గంట నడిపించగలిగే ఇంటికి అది బంగారం. సీతమ్మధారలో మూడో అంతస్తు ఫ్లాటులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తాళం వేసి వెళ్ళే ఇంటికి కాదు. అందులోనూ మంచు మీద బండ్లు లాగే హస్కీలాంటి జాతి అయితే తప్పు పిల్లది కానే కాదు. మామూలు కుటుంబానికి ముందు వచ్చినదీ వద్దు, చివరికీ రానిదీ వద్దు. వచ్చి, వాసన చూసి, కాసేపు ఆడి, మళ్ళీ తన పని చూసుకున్న పిల్ల సరిపోతుంది.

సమస్య: ఏడు వారాలప్పుడు పరీక్ష చేయించాం, మంచి మార్కులొచ్చాయి, ఏడాదికి అంతా తారుమారైంది

కుక్కపిల్ల స్వభావాన్ని అంచనా వేయడానికి 49వ రోజున చేసే వోల్‌హార్డ్ పరీక్ష గురించి ఇప్పుడు చాలామందికి తెలుసు. పది అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఆరు వరకు అంకెలు. దాన్ని జాతకంలా చూడకండి. 2014లో బోర్డర్ కోలీ జాతి కుక్కల మీద వచ్చిన ఒక అధ్యయనంలో, ఆరేడు వారాలప్పటి పరీక్షలు పెద్దయ్యాక కుక్క ఎలా ఉంటుందో పెద్దగా చెప్పలేకపోయాయి. పరీక్ష పనికొచ్చేది ఆ రోజున పిల్ల భయంతో ఉందా, తేరుకోగలదా అన్నది చూడటానికే. మిగిలింది తల్లి, పెరిగిన చోటు, మీరు పెంచే తీరు తేలుస్తాయి.

చిన్నవి, అరుదైనవి

మొదటి రాత్రులు ఏడవడం సమస్యే కాదు. పడక మీ మంచం పక్కకు జరపండి. చివావాలాంటి బుల్లి జాతుల్లో తలలో నీరు చేరడం, కొన్ని పిల్లల్లో కాలేయ లోపం వంటివి ప్రవర్తనను మారుస్తాయి. గుండ్రంగా తిరుగుతూ ఉన్నా, తిన్న తరవాత మత్తుగా తూలుతున్నా వైద్యుడి దగ్గరకు వెళ్ళండి. ఇవి చాలా తక్కువ. వీటి గురించి వెతుక్కుంటూ కూర్చోకండి.

జాతి పట్టింపు లేనివారికి

తల్లిని చూడటం అన్నిటికంటే తేలికైనది వీధి కుక్కపిల్లల విషయంలోనే. అది మీ వీధిలోనే ఉంటుంది. పాలబ్బాయి బండి వచ్చినప్పుడు ఏం చేస్తుంది, బడి పిల్లలు పక్కనుంచి వెళితే ఏం చేస్తుంది, తెలియని మనిషిని ఎంత దూరంలో ఆపుతుంది అన్నది నెలల తరబడి ఉచితంగా చూడవచ్చు. మన ఉక్కపోత, వానలు వాటికి అలవాటే. పిల్లలకు ఎనిమిది వారాలు నిండేదాకా తల్లి దగ్గరే ఉంచి, రోజూ పది నిమిషాలు వెళ్ళి కూర్చోండి. వాటిలో ఏది మీ చెప్పుల వాసన చూసి, బండి హారన్‌కు ఉలిక్కిపడి, మళ్ళీ మీ దగ్గరకే వస్తోందో గమనించండి. ఇంటికి తెచ్చిన రోజునే వైద్యుడికి చూపించి టీకాల తేదీలు రాయించుకోండి. తల్లికి సంతాన నిరోధక శస్త్రచికిత్స జరిగేలా కూడా అప్పుడే చూడండి.