మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు మళ్లీ వేటకెళ్లే ముందు

జూన్ 14 అర్ధరాత్రి దాటితే సముద్రంలో చేపల వేట నిషేధం అయిపోతుంది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు ఒడ్డున పడున్న బోట్లకి రంగులేసి, ఇంజిన్లు విప్పి బిగించి, వలలు బాగుచేసుకుని అందరూ కాచుకుని ఉంటారు. ఎలాగూ ఈ రెండు నెలలు వేట ఉండదు కదా, ఈలోపు మోకాలి ఆపరేషన్ కూడా చేయించేసుకుంటే జూన్‌కి కాలు తయారవుతుంది అని లెక్కేసుకునేవాళ్లు మా పక్క ఉన్నారు. ఆ లెక్క తప్పు. నిషేధం పెట్టింది చేపలు గుడ్లు పెట్టుకోవడానికి. మీ మోకాలికి ఆ తేదీతో ఏ సంబంధం లేదు.

శ్రీకాకుళం జిల్లా డొంకూరు నుంచి ఇటు బారువ, మంచినీళ్లపేట, భావనపాడు, కళింగపట్నం, బుడగట్లపాలెం, ఆ కింద విజయనగరం జిల్లాలో కోనాడ, చింతపల్లి, ముక్కాం వరకు మనవాళ్లలో ఎక్కువమంది వేట ఒకలాగే ఉంటుంది. ఇసకలోంచి బోటు తోసుకుని, కెరటాలు దాటించుకుని వెళ్లాలి, మళ్లీ అదే కెరటాల మీద ఒడ్డుకి రావాలి. విశాఖ హార్బర్లో జెట్టీ మీంచి బోటెక్కేవాడికి డాక్టరు చెప్పే మాట మనకి సరిపోదు. అందుకే డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు "చేపల వ్యాపారం" అనో "బోటు పని" అనో చెప్పి ఊరుకోకండి. నడుము లోతు నీళ్లలో బోటు తోస్తాను, ఒక కాలు మీద గెంతి అంచెక్కుతాను, తిరిగొచ్చేటప్పుడు కదులుతున్న బోటులోంచి నీళ్లలోకి దూకుతాను, కింద ఇసక ఎంత లోతుందో కనపడదు అని విడమరిచి చెప్పండి. ఫోన్లో వీడియో ఉంటే చూపించండి. అది చూశాక ఆయన చెప్పే తేదీ కచ్చితంగా మారుతుంది.

అసలు మోకాలు పోయేది ఎక్కడో ఒకసారి గుర్తుచేసుకోండి. నడిసముద్రంలో పోయింది తక్కువ. పాదం తడి ఇసకలో దిగబడి ఉంటుంది, కెరటం వచ్చి బోటు ముందు భాగాన్ని పక్కకి తిప్పుతుంది, చేతులు బోటు అంచు మీద ఉన్నాయి కాబట్టి ఒళ్లు దానితోపాటు తిరుగుతుంది, పాదం మాత్రం తిరగదు. లోపల టప్‌మని ఏదో తెగినట్టు అవుతుంది, సాయంత్రానికి మోకాలు ఉబ్బిపోతుంది. మోకాల్లో ఎముకల్ని కట్టి ఉంచే ముందువైపు లిగమెంటు, అంటే డాక్టర్లు ఏసీఎల్ అనేది, తెగేది ఇలాగే. మెనిస్కస్ అనే మెత్తటి గుజ్జు చీలేది ఎక్కువగా గొంతుకూర్చుని వల లాగుతూ పక్కకి తిరిగినప్పుడు. ఆపరేషన్ అయ్యాక మీరు మళ్లీ వెళ్లేది అదే ఇసకలోకి, అదే మెలిక ఉన్న పనిలోకి. ఊళ్లో టీకొట్టు దాకా కుంటకుండా నడిచామన్నది దానికి పరీక్ష కాదు.

ఏ ఆపరేషన్ అయిందో కాగితం మీద రాయించుకోండి, ఎందుకంటే "మోకాలికి కీహోల్ చేశారు" అంటే ఏమీ తెలియదు. మెనిస్కస్ చిరిగిన ముక్క కత్తిరించి తీసేస్తే కొన్ని వారాల్లో మామూలు పనుల్లోకి రావచ్చు. అదే మెనిస్కస్‌ని కుట్టి ఉంటే, గొంతుకూర్చోవడం దాదాపు నాలుగు నెలలు వద్దంటారు, వల బాగుచేసుకునే పని కూడా కుర్చీలో కూర్చునే. మోకాలి కీలే మార్చేసిన పెద్దవాళ్లు, కొత్త కీలు ఎంత బాగా పనిచేస్తున్నా, బోటులోంచి దూకే పని ఇక మీది కాదనుకోండి. వలలు, ఐసు, లెక్కలు, వేలంపాట, ఇలా ఒడ్డున చేయాల్సినవి చాలా ఉన్నాయి.

ఏసీఎల్ కొత్తగా వేసిన వాళ్లకే ఎక్కువ మోసం జరుగుతుంది. తొడ వెనక నుంచో, చిప్ప కింద నుంచో నరం లాంటి టెండన్ తీసి లోపల బిగిస్తారు. బిగించిన రోజు అది గట్టిగానే ఉంటుంది, కానీ దానికి రక్తం అందడం మొదలై కొత్త కణజాలం అల్లుకునేలోపు మొదట మెత్తబడుతుంది. ఆరు వారాల నుంచి మూడు నెలల దాకా అది బాగా బలహీనంగా ఉండే కాలం. సరిగ్గా ఆ రోజుల్లోనే వాపు తగ్గుతుంది, నొప్పి పోతుంది, మెట్లెక్కేస్తాం, పక్కింటి మామ "ఏట్రా, కాలొచ్చేసిందా? రేపొచ్చీ మరి" అంటాడు. వెళ్లకండి. ఆటగాళ్లనే తొమ్మిది నెలల లోపు మైదానంలోకి దిగొద్దంటున్నారు, వాళ్లది చదునైన నేల.

ఈ తొమ్మిది నెలల లెక్క మన సముద్రంతో బాగా కలుస్తుంది కూడా. ఏప్రిల్లో ఆపరేషన్ అయితే జనవరి వస్తుంది. జూన్, జులై, ఆగస్టుల్లో నైరుతి గాలికి ఒడ్డున కెరటం పెద్దది, పాత మోకాళ్లే ఆగవు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం, 2018లో తిత్లీ వచ్చింది అక్టోబరు 11నే, పలాస, వజ్రపుకొత్తూరు వైపు ఏం మిగిల్చిందో మనకెవరూ చెప్పక్కర్లేదు. సంక్రాంతి దాటాక కెరటం చిన్నదవుతుంది, గాలి పడిపోతుంది. ఆపరేషన్ అయినవాడు మొదటిసారి నీళ్లలో బోటు పట్టుకోవడానికి అంతకంటే మంచి రోజులు లేవు. సీజనంతా పోతుందని బాధ ఉంటుంది, కాదనను. రెండోసారి ఆపరేషన్ అంటే పోయేది మరో సీజను.

కాలు తయారయిందో లేదో ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. మా అన్నయ్య చేసిన పద్ధతి ఇది. వల అల్లే దారం ఒక ముక్క తీసుకుని, మంచం మీద కాళ్లు చాపుకుని, చిప్ప పైఅంచు నుంచి అరచేయి అడ్డంగా పెట్టినంత పైకి, బాగున్న తొడ చుట్టూ చుట్టి ముడి వేశాడు. అదే దారం ఆపరేషన్ తొడకి చుడితే మధ్యలో రెండు వేళ్లు దూరాయి. అంత కండ పోయిందన్నమాట. ఆ దారం గోడ మేకుకి తగిలించి నెలకోసారి చూసుకునేవాడు, మధ్యలో ఒక వేలు కూడా దూరక ఇబ్బందయ్యేదాకా ఇసక మీదికి పోనని మా వదినకి మాటిచ్చాడు. దీన్ని మించిన లెక్క ఫిజియోథెరపిస్టు దగ్గర ఉంటుంది, ఆపరేషన్ కాలి బలం బాగున్న కాలి బలంలో కనీసం 90 శాతం రావాలంటారు. కానీ ఫిజియోకి శ్రీకాకుళమో టెక్కలో పోవాలి, బస్సు ఛార్జీలు కావాలి, దారం ఇంట్లో ఉంది.

ఇంకో పరీక్ష, మామూలు ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని, చేతులు కట్టుకుని, ఒక్క ఆపరేషన్ కాలి మీదే లేవగలగాలి, మోకాలు లోపలికి వాలకుండా. అది రాకపోతే బోటు అంచెక్కడం గురించి ఆలోచించొద్దు.

తర్వాత ఇసక. ముందు ఎండిన మెత్తటి ఇసకలో కాదు, నీళ్లు తగిలి గట్టిపడిన చోట నడవండి. ఒడ్డు వాలుగా ఉంటుంది కాబట్టి ఒకే వైపు నడిస్తే ఎప్పుడూ ఒకే కాలు కిందికి ఉంటుంది, ఎంత దూరం వెళ్లారో అంత దూరం అదే వాలులో వెనక్కి రండి. అది అలవాటయ్యాక మెత్తటి ఇసక, ఆ తర్వాత చీలమండ లోతు నీళ్లు, ఆ తర్వాతే మోకాలి లోతు, పక్కన ఒక మనిషి ఉండగా. ప్రతి మెట్టు తర్వాత మర్నాడు పొద్దున్న మోకాలు చూసుకోండి. వాపు వచ్చిందంటే ఒక మెట్టు వెనక్కి. నొప్పి కంటే వాపు నమ్మదగింది, నొప్పిని మనం మాత్రతో నొక్కేస్తాం.

మాత్రల గురించి వచ్చింది కాబట్టి, ఉద్దానం వాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీల మీద భారం వేస్తాయి. ఎండలో, నీళ్లు సరిగ్గా తాగకుండా, బోటు మీద రోజంతా ఉండి అవి మింగడం ఇంకా ప్రమాదం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస ఊళ్లలో ఎన్ని ఇళ్లలో డయాలసిస్ చేయించుకునేవాళ్లున్నారో చూసి కూడా, మెడికల్ షాపులో అడిగి మాత్ర తెచ్చుకుని వేటకెళ్లడం నాకు అర్థం కాదు. ఆపరేషన్ అయిన వెంటనే డాక్టరు ఇచ్చినన్ని రోజులు వేసుకోండి, అంతే. మాత్ర వేసుకుంటేనే వేటకెళ్లగలుగుతున్నారంటే ఇంకా వెళ్లే రోజు రాలేదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష ఈ మధ్య చేయించుకోకపోతే ముందు అది చేయించండి. మాత్ర మీద మందు కొట్టడం మరీ ఘోరం, కడుపులో పుండ్లు పడి రక్తం పోతుంది.

గాయం పూర్తిగా మానకుండా ఉప్పునీళ్లు తగలనివ్వకండి. ఉప్పునీరు పుండు మాన్పుతుందని పెద్దవాళ్లు అంటారు గానీ, వెచ్చటి సముద్రపు నీళ్లలో ఉండే కొన్ని బ్యాక్టీరియా తెరిచిన గాయంలోంచి లోపలికి పోతే రోజుల్లో కాలు, ప్రాణం మీదికి తెస్తుంది, షుగరు, లివర్ జబ్బు ఉన్నవాళ్లకి మరీనూ. కుట్లు విప్పినంత మాత్రాన సరిపోదు, పొక్కులు రాలి చర్మం కలిసిపోయిందని డాక్టరు చూసి చెప్పాలి. పసరు కట్లు, నూనె మర్దనాలు ఆపరేషన్ కాలికి పెట్టొద్దు. ముఖ్యంగా పిక్క గట్టిగా వాచి, వేడిగా ఉండి నొప్పి పెడుతుంటే ఎవరినీ పిసకనివ్వకండి, అది లోపల రక్తం గడ్డకట్టడం కావచ్చు, ఆ గడ్డ ఊపిరితిత్తులకి ఎక్కితే ఆయాసం వచ్చి మనిషి పోతాడు. వెంటనే 108.

ఇప్పుడు అసలు వేటకి వద్దాం, డాక్టరు ఒప్పుకున్నాడు, కాలూ ఒప్పుకుంది అనుకుందాం. మొదటి రోజుల్లో తోసే పనిలో మీరు ఉండకూడదు. ఈ మాట బోటు ఓనరుతో, బోటు నడిపే సరంగుతో, మిగతా కలాసీలతో ముందే, ఇంటి దగ్గర, పగలు మాట్లాడుకోవాలి. తెల్లవారుజామున చీకట్లో, కెరటం మీదికొస్తుంటే చెప్పే మాట కాదు. వాటా సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి. తోయకుండా పూర్తి వాటా తీసుకోవడానికి మీకు మొహమాటం, ఇవ్వడానికి వాళ్లకి కష్టం, ఆ మొహమాటంతోనే మనిషి నీళ్లలోకి దిగి భుజం పెట్టేస్తాడు. సగం వాటాకి ఒప్పుకుని ముందే ఎక్కి కూర్చోండి. ట్రాక్టరుతో బోటు లాగే ఊళ్లయితే మీ అదృష్టం.

వీలైతే మొదటి ప్రయాణాలు సముద్రంలో కాకుండా ఏటిలో, వంశధార లోపలికో, భావనపాడు క్రీక్ లోపలికో వెళ్లండి. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర వద్దు, అక్కడి లాగుడు సముద్రం కంటే చెడ్డది.

బోటులో ఎక్కడ కూర్చుంటున్నారో చూసుకోండి. వల వదిలేటప్పుడు తాడు చుట్టల దగ్గర అస్సలు వద్దు. మంచి కాళ్లున్నవాడు చుట్టలోంచి కాలు తీసుకోగలడు, మీరు అర క్షణం ఆలస్యం, ఆ అర క్షణంలో తాడు కాలికి బిగిసి మనిషిని నీళ్లలోకి లాక్కెళ్తుంది. ఇదే కారణానికి ఇనుప కీళ్లు, బెల్టులు ఉన్న మోకాలి పట్టీ వేసుకుని వల దగ్గర పనిచేయకండి. వల కన్ను ఆ బకిల్‌కి తగులుకుంటే విడిపించుకోవడం కష్టం, పైగా ఉప్పుకి తుప్పు పడుతుంది, ఇసక దూరి చర్మం గీరుకుపోతుంది. సాగే బట్టతో చేసిన తొడుగు చాలు, అది కూడా వాపు ఆపడానికే, లిగమెంటుని కాపాడుతుందని ధైర్యపడొద్దు. అడ్డచెక్క మీద మోకాలు ముడిచి గంటలు కూర్చోకుండా అరగంటకోసారి కాలు చాపి మడమ ఆడించండి. చేప జిగురు, డీజిలు, ఐసు నీళ్లు కలిసిన చోట చెంబుడు నీళ్లు కొట్టాకే అడుగు వెయ్యండి.

ఈత వచ్చు కదా అని లైఫ్ జాకెట్ వదిలేయడం మనవాళ్ల అలవాటు. ఆపరేషన్ కాలితో ఈత ఎలా ఉంటుందో చెరువులో ముందు చూసుకోండి, కప్పలా కాళ్లు విసిరే ఈత మోకాలిని మెలేస్తుంది, కాళ్లు తిన్నగా ఆడించే ఈతే మంచిది. జాకెట్ మాత్రం ఒంటి మీదే ఉండాలి. సముద్రంలో ప్రమాదమైతే కోస్ట్ గార్డు నంబరు 1554, ఫోన్లో వేసి పెట్టుకోండి, వీహెచ్‌ఎఫ్ రేడియో ఉన్న బోటు అయితే చానల్ 16.

తిరిగొచ్చేటప్పుడు అలసిపోయి ఉంటాం, ఇల్లు కనపడుతుంటుంది, అప్పుడే దూకేస్తాం. బోటు అడుగు ఇసకని తాకి ఆగేదాకా కూర్చోండి, ఆగాక కూడా దూకకుండా మెల్లగా దిగండి. కానాగంత చేపల ట్రేలు మోయడం వేరేవాళ్లు చూసుకుంటారు.

ఆగస్టులో గుజరాత్‌లోని వెరావల్‌కి వేటకి వెళ్లేవాళ్లు ఇంకోసారి ఆలోచించండి. అక్కడి బోట్లు వారాల తరబడి సముద్రంలో ఉంటాయి, మోకాలు వాస్తే ఒడ్డు లేదు, ఫిజియో లేడు, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నారు కాబట్టి వెనక్కి రాలేరు. ఆపరేషన్ అయి ఏడాది కాకపోతే ఆ అడ్వాన్సు ముట్టుకోవద్దు. నిషేధ భృతి 2025 నుంచి 20,000 ఇస్తున్నారు, అది ఇల్లు నడపడానికి చాలదని తెలుసు. మత్స్య సంపద యోజన కింద మత్స్యకారులకి ప్రమాద బీమా ఉంది, ప్రీమియం మనం కట్టక్కర్లేదు, ప్రమాదంలో ఆస్పత్రి పాలైతే 25,000, శాశ్వతంగా కొంత వైకల్యం వస్తే రెండున్నర లక్షలు. మీ పేరు అందులో ఉందో లేదో సచివాలయంలో మత్స్య సహాయకుడి దగ్గర, బోటు ఎక్కకముందే చూపించుకోండి.