దుబాయ్ కోర్టు తీర్పును ఇక్కడ అమలు చేయించుకోవాలంటే

మీ డబ్బు ఎగ్గొట్టినవాడు దుబాయ్‌లో కేసు ఓడిపోయి కరీంనగర్ వచ్చి కూర్చుంటే ఆశ వదులుకోవద్దు. 2020 జనవరిలో కేంద్రం యూఏఈని సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ కింద, అంటే అక్కడి తీర్పులు ఇక్కడ నేరుగా అమలయ్యే దేశంగా నోటిఫై చేసింది కాబట్టి మళ్లీ దావా వేయనక్కర్లేదు, అతని ఆస్తి ఉన్నచోట జిల్లా కోర్టులో నేరుగా ఎగ్జిక్యూషన్ పిటిషన్ (తీర్పు అమలు చేయించమనే దరఖాస్తు) వేయొచ్చు. బ్రిటన్, సింగపూర్ తీర్పులకూ ఇదే దారి. జరిమానాలు, పన్నుల వసూలుకు మాత్రం పనికిరాదు.

డిక్రీ (కోర్టు తీర్పు ఉత్తర్వు) సర్టిఫైడ్ కాపీ ఎలాగూ తెస్తారు. దాంతోపాటు ఇప్పటిదాకా ఎంత వసూలైందో, అసలు వసూలైందో లేదో తెలిపే సర్టిఫికెట్ కూడా తీర్పిచ్చిన కోర్టు నుంచే తీసుకోండి, అది లేకుండా పిటిషన్ నడవదు. అరబిక్ కాగితాలకు అనువాదం జతచేయండి.

అసలు గొడవంతా అదే కోడ్‌లో, విదేశీ తీర్పు ఎప్పుడు చెల్లదో చెప్పే 13వ సెక్షన్ దగ్గరే. అవతలివాడు ‘నాకు సమన్లే అందలేదు, నా వాదన వినలేదు, సాక్ష్యం చూడకుండానే తీర్పిచ్చారు’ అంటాడు. అందుకే సమన్లు అందిన రుజువు, అక్కడ వాదనలు జరిగిన రికార్డు ముందే దగ్గర పెట్టుకోండి, ముఖ్యంగా అతను హాజరుకాని కేసైతే. పిటిషన్ వేయడానికి గడువు తీర్పిచ్చిన దేశ చట్టం ప్రకారమే లెక్కించాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి అక్కడి లాయర్‌నీ అడగండి.

ఇలా నోటిఫై చేసిన దేశాల జాబితాలో అమెరికా లేదు. అక్కడి తీర్పు ఆధారంగా ఇక్కడ కొత్తగా దావా వేయాలి, అదీ తీర్పు తేదీ నుంచి 3 ఏళ్లలోపు. విడాకులైతే ఇంకా జాగ్రత్త: తిరుపతిలో పెళ్లయిన జంటకు మిస్సోరి కోర్టు ఇచ్చిన విడాకులను 1991లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.